ఎన్నికల వార్తలు రాస్తున్న మీ తోటివారి గురించి

చిరంజీవులైన పాఠకులకు,

ఆశీస్సులు. ఎన్నికల ప్రచారం మొదలైనది మొదలు ఫలితాలు వెలువడే దాకా మీరు చదవబోయే వార్తల వెనుక ఎవరెవరు ఉన్నారో, వారిలో ఎవరి పని ఏమిటో తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పత్రిక డెస్కులో కూర్చుని ఇతరుల రాతలు దిద్దుతూ జీవితంలో ఎక్కువ భాగం గడిపినవాణ్ని కనుక, ఈ విద్యార్థి బృందానికి సలహాదారుగా ఉండమని అడిగితే కాదనలేకపోయాను. వీరి పేర్లు కథనాల కింద మీకు ఎలాగూ కనిపిస్తాయి. పేర్లకంటే ముందు పనులు తెలిస్తే, ఏదైనా వార్త మీద సందేహం కలిగినప్పుడు ఎవరిని నిలదీయాలో మీకే అర్థమవుతుంది.

ముందుగా విలేకరులు. వీరు నలుగురు, అందులో ముగ్గురికి ఇంకా ఓటు హక్కు రాలేదు. ఓటే లేని పిల్లలు ఎన్నికల గురించి ఏం రాస్తారని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. ఎవరు ఓటరో నిర్ణయించేది చట్టం, ఆ చట్టం మారుతూ ఉంటుంది; ఆస్ట్రియా 2007లో ఓటు వయసును 16 ఏళ్లకు తగ్గించింది, బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం వచ్చినప్పటి నుంచి 16, 17 ఏళ్లవారు ఇష్టమైతే ఓటు వేయవచ్చు. పైగా ఓటు లేనివారిని పొగిడి అభ్యర్థికి వచ్చే లాభమేమీ లేదు కాబట్టి, ఈ ముగ్గురికి దొరికే జవాబులు ఒక్కోసారి పెద్ద పత్రికల వారికి దొరికే వాటికంటే సూటిగా ఉంటున్నాయి. ఎవరితో మాట్లాడినా తాము విలేకరులమని మొదటే చెప్పడం వీరు పెట్టుకున్న నియమం. స్నేహితుల మధ్య నడిచిన కబుర్లను తర్వాత వార్తగా మార్చడం వీరికి నిషిద్ధం.

ఈ నలుగురిలో ఒక అమ్మాయి పని మిగిలిన వారి పని కంటే భిన్నమైనది. అభ్యర్థులు చేసే ప్రతి వాగ్దానాన్నీ ఆమె ఒక పుస్తకంలో రాసుకుని, దాని పక్కనే ఒక ప్రశ్న వేస్తుంది: ఈ పదవికి ఆ పని చేసే అధికారం ఉందా? స్థానిక సభకు పోటీ చేస్తున్న వ్యక్తి దేశం మొత్తానికి వర్తించే పన్నును తగ్గిస్తానని మాట ఇస్తే, ఆ మాటను ఉన్నది ఉన్నట్టు అచ్చువేయడం కూడా ఒక విధంగా పాఠకుణ్ని మోసగించడమే. ఆ పక్కనే ఆ పన్ను విధించే అధికారం ఎవరిదో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఆ ఒక్క వాక్యం కోసం ఆమె రెండు రోజులు నిబంధనల పుస్తకాలు తిరగేయడం నేను చూశాను.

లెక్కలు చూసేవారు ఇద్దరు. వీరిని బృందంలోకి తీసుకున్న రోజే 1936 నాటి కథ చెప్పాను. ఆ ఏడాది అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపించింది, 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కవేసి, అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ మీద పోటీ చేస్తున్న ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. తీరా చూస్తే 48 రాష్ట్రాలలో 46 రూజ్వెల్ట్ పక్షాన నిలిచాయి. పత్రిక చిరునామాలను ఎక్కువగా టెలిఫోను పుస్తకాల నుంచి, కార్ల యజమానుల జాబితాల నుంచి తీసుకుంది. ఆర్థిక మాంద్యం నడుస్తున్న ఆ రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవారు దేశమంతటికీ ప్రతినిధులు కారు. బ్యాలెట్లను శ్రద్ధగా నింపి తిరిగి పంపినవారు కూడా అందరిలాంటి వారు కారు. అదే ఎన్నికలో సర్వేలు నిర్వహించే జార్జ్ గాలప్ అంతకంటే ఎంతో తక్కువ మందిని అడిగి రూజ్వెల్ట్ గెలుస్తాడని సరిగ్గా చెప్పాడు. లిటరరీ డైజెస్ట్ రెండేళ్లు తిరగకుండానే మూతపడింది.

అందుచేత తరగతిలో చేతులెత్తించి లెక్కపెట్టిన దానిని మన పత్రికలో సర్వే అనరు. బయటివారు చేసిన సర్వేను ప్రస్తావించవలసి వస్తే ఎందరిని అడిగారు, ఎలా ఎంచుకున్నారు, ఎప్పుడు అడిగారు, ఖర్చు ఎవరు పెట్టారు అన్న నాలుగూ తెలియనిదే ఈ ఇద్దరూ కదలరు. వెయ్యి మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుని అడిగినా మూడు శాతం అటూ ఇటూ తేడా ఉండగలదు కాబట్టి, ఒకరికి 48, మరొకరికి 46 అని వచ్చినప్పుడు మొదటివారు ముందున్నారని రాయడానికి వీరు ఒప్పుకోరు. ఇంకొక చాదస్తం కూడా వీరికి ఉంది, అది నాకు ఎంతో ఇష్టం. ఒక పక్షం ఓట్లు 40 శాతం నుంచి 44 శాతానికి చేరితే, పెరిగింది నాలుగు శాతం కాదు, నాలుగు శాతం పాయింట్లు. శాతంలోనే చెప్పాలంటే పది శాతం పెరిగినట్టు. పెద్ద పత్రికలు కూడా దీన్ని ఎన్నోసార్లు తప్పుగా రాస్తాయి, నేనూ ఎన్నోసార్లు తప్పుగా దిద్దాను.

ఇక డెస్కు. నేను పెరిగిన చోటు కనుక దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తే మన్నించండి. డెస్కులో ముగ్గురున్నారు. విలేకరి తెచ్చిన కథనంలో భాష దిద్దడం వీరి పనిలో చిన్న భాగం మాత్రమే. అసలు పని, మాటల చాటున ఒదిగిన పక్షపాతాన్ని పట్టుకోవడం. ఒక అభ్యర్థి “చెప్పారు” అంటే ఆయన మాట్లాడారని మాత్రమే అర్థం. “వెల్లడించారు” అంటే అప్పటిదాకా దాగిన నిజాన్ని బయటపెట్టారని, అంటే అది నిజమేనని మనం ఒప్పుకున్నట్టు. “అంగీకరించారు” అంటే తప్పు తన మీద వేసుకున్నట్టు. “దాటవేశారు” అంటే విలేకరి ఆయన మనసులోకి తొంగిచూసినట్టు. ఈ నాలుగు క్రియలనూ ఇద్దరు అభ్యర్థుల మధ్య ఎలా పంచుతామన్న దానిలోనే మన మొగ్గు బయటపడుతుంది, అది మనకు తెలియకుండానే జరిగిపోతుంది. మన భాషలో ఇంకొక ఉచ్చు ఉంది. ఒకే కథనంలో వయసు మళ్లిన అభ్యర్థి “అన్నారు”, పాతికేళ్ల కుర్ర అభ్యర్థి “అన్నాడు”, వారితో పోటీపడుతున్న మహిళ “అంది” అని వస్తే, ఓటరు ఇంకా మనసులో అనుకోకముందే మనం మూడు పీటలు వేసి పెట్టినట్టు. కాబట్టి బరిలో నిలిచినవారందరికీ ఒకే గౌరవ వాచకం వాడాలని డెస్కు తీర్మానించింది. “ప్రజలు అనుకుంటున్నారు” అన్న వాక్యం ఎక్కడ కనిపించినా ఏ ప్రజలు, ఎందరు, ఎక్కడ అని అంచున రాసి విలేకరికి తిప్పి పంపుతారు. ఆ కథనాలు చాలావరకు “నేను కలిసిన ఆరుగురిలో నలుగురు” అన్న వాక్యంతో తిరిగి వస్తాయి. ఆ మార్పుతో వార్త బరువు కొంత తగ్గుతుంది కానీ నిజాయతీ పెరుగుతుంది.

ఫొటోలు తీసే అబ్బాయి ఒక్కడే. సభకు వచ్చిన జనాన్ని దగ్గరగా తీస్తే మైదానం నిండినట్టూ, దూరంగా పైనుంచి తీస్తే ఖాళీగా ఉన్నట్టూ కనిపిస్తుందని అతనికి బాగా తెలుసు. అందుకే ఏ అభ్యర్థి సభకు వెళ్లినా రెండు రకాలుగానూ తీసుకొస్తాడు.

సంపాదకురాలి పని మీరు ఊహించినట్టుగా ఆదేశాలు జారీచేయడం కాదు, ఎవరు దేనికి దూరంగా ఉండాలో చూడడం. బృందంలో ఒకరి దగ్గరి బంధువు ఎన్నికలలో పోటీ చేస్తున్నారు. ఆ సంగతి ఆ విద్యార్థే ముందుగా వచ్చి చెప్పాడు. ఆ స్థానానికి సంబంధించిన ఏ కథనాన్నీ, ఏ శీర్షికనూ అతను ముట్టుకోకూడదని ఆమె నిర్ణయించింది. బృందంలో ఎవరూ ప్రచార బ్యాడ్జీలు ధరించరు, ఏ పక్షానికీ నినాదాలు రాసిపెట్టరు. నా సంగతి కూడా చెప్పాలి. అచ్చుకు ముందు ఏది ఉండాలి, ఏది తీసేయాలి అని చెప్పే అధికారం నాకు లేదు, నేను కోరుకోలేదు కూడా. అడిగితే సలహా ఇస్తాను. సగం సార్లు తీసుకుంటారు.

ఫలితాల రాత్రి కోసం ప్రత్యేకంగా ఇద్దరిని నియమించారు. ఇద్దరూ ఒకే అంకెను వేర్వేరుగా అధికారిక ప్రకటన నుంచి రాసుకుని, రెండూ సరిపోలిన తర్వాతే పట్టికలో వేస్తారు. ఈ పద్ధతి ఎందుకు పెట్టారో చెప్పాలంటే నా పాత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, లెక్కింపు సగంలో ఉండగా, విలేకరి “ఆధిక్యంలో ఉన్నారు” అని పంపిన వార్తకు స్థలం చాలక “గెలుపు” అని శీర్షిక పెట్టాను. తెల్లవారేసరికి ఆయన ఓడిపోయారు. రెండు రోజుల తర్వాత లోపలి పేజీలో సన్నటి అక్షరాలతో సవరణ వేశారు. శీర్షిక చూసినవారిలో ఆ సవరణ చూసినవారు ఎందరో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకంటే పెద్దవారు కూడా ఈ గుంటలో పడ్డారు. 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి షికాగో ట్రిబ్యూన్ పత్రిక ముద్రణ కార్మికులు సమ్మెలో ఉండడంతో మామూలుకంటే ముందే పేజీలు సిద్ధం చేయవలసి వచ్చి, అంచనాను నమ్ముకుని, ప్రత్యర్థి డ్యూయీ చేతిలో అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ ఓడిపోయారని పతాక శీర్షిక పెట్టింది. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికను నవ్వుతూ ఎత్తి చూపిన ఫొటో మీరు చూసే ఉంటారు. అందరూ సమ్మెను తప్పుపడతారు. నా లెక్కలో అసలు కారణం, పేజీలో ఆ చోటు ఖాళీగా ఉండకూడదన్న భయం. 2000 నవంబరు 7న, గోర్, బుష్ పోటీపడిన అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి, ఫ్లోరిడా రాష్ట్రం విషయంలో టీవీ సంస్థలు సాయంత్రం గోర్ గెలిచారని చెప్పి వెనక్కి తీసుకున్నాయి, అర్ధరాత్రి దాటాక బుష్ గెలిచారని చెప్పి దాన్నీ వెనక్కి తీసుకున్నాయి. 1848 నుంచి ఎన్నికల ఫలితాలను సేకరిస్తున్న అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ మాత్రం ఆ రెండో ప్రకటన చేయకుండా ఆగింది. దాదాపు 60 లక్షల ఓట్లు పోలైన ఆ రాష్ట్రంలో చివరికి తేలిన తేడా 537 ఓట్లు.

సవరణలు చూసే విద్యార్థిని గురించి చెప్పి ముగిస్తాను. మీరు తప్పు పట్టి రాసిన ప్రతి ఉత్తరం ఆమెకే చేరుతుంది. తప్పు నిజమైతే సవరణను మూల కథనం వచ్చిన చోటే, ఏది తప్పో ఏది ఒప్పో రెండూ కనిపించేలా వేస్తుంది. ఈ ఏర్పాటు కావాలని పట్టుబట్టింది నేనే. ఇక ఫలితాల రాత్రి మీరు పట్టిక తెరిచినప్పుడు ఎవరి పేరు పక్కనైనా గడి ఖాళీగా కనిపిస్తే, పనిచేసేవారు నిద్రపోయారని అనుకోకండి; ఆ ఇద్దరి అంకెలు ఇంకా కలవలేదు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
పత్రిక సలహాదారు