షాపింగ్ మాల్ ట్యాగుతో సౌర తుఫాను కొలత

మాల్‌లో కొన్న సామాన్లకు దొంగతనం జరగకుండా తెల్లటి ప్లాస్టిక్ ట్యాగు అతికిస్తారు. ఇంటికొచ్చాక అది చెత్తబుట్టలోకే పోతుంది. అలాంటిదొకటి బ్లేడుతో విప్పి చూడండి. కొన్నిటి లోపల వెండిరంగు లోహపు రేకులు వదులుగా గలగలలాడుతుంటాయి, మందం తల వెంట్రుక కన్నా తక్కువ. కరిగించిన లోహాన్ని స్ఫటికాలు కట్టే వ్యవధి కూడా ఇవ్వకుండా చల్లార్చి చేసినవి కాబట్టి కాస్త అయస్కాంత క్షేత్రం తగిలినా స్పందిస్తాయి. సౌర తుఫాను, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు, ఆ మార్పును వీటితోనే కొలవొచ్చు. పక్కనే అతికి ఉండే గట్టి రేకు మాత్రం అయస్కాంతమే. దాన్ని దూరంగా పారేయాలి.

పలచటి రేకును ఖాళీ రీఫిల్ గొట్టంలో వదులుగా పెట్టి, మోటారు వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ రాగితీగను కొన్ని వందల చుట్లు చుట్టాలి. విజయవాడ గవర్నర్‌పేటలో 74హెచ్‌సీ14 అనే చౌక ఐసీ (చిప్పు), ఒక రెసిస్టర్ కొనుక్కుంటే సర్క్యూట్ పూర్తయినట్టే. చుట్టలో కరెంటు ఒకే దిశలో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బయటి క్షేత్రం దానికి తోడైతే రేకు సంతృప్తికి (ఇక అయస్కాంతత్వం పెరగని స్థితికి) దగ్గరై ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు కంపనాల సంఖ్య, పెరుగుతుంది, ఎదురైతే తగ్గుతుంది. ఆ ఫ్రీక్వెన్సీని ఆర్డ్వినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు లెక్కపెడుతుంది.

విజయవాడలో భూమి అయస్కాంత క్షేత్రం 40 వేల నానోటెస్లాల (క్షేత్ర బలానికి కొలమానం) పైచిలుకు. 2024 మే 10, 11 తేదీల సౌర తుఫానులో మన అక్షాంశాల్లో అది సుమారు 400 తగ్గింది, అంటే దాదాపు ఒక శాతం. సెకనుకు లక్ష కంపనాలు లెక్కపెట్టే పరికరానికి ఇదేమంత కష్టం కాదు.

అసలు చిక్కు ఎండతో. మే నెల బెజవాడ ఎండ సంగతి చెప్పాలా! డిగ్రీకి రాగి నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది, రేకు గుణం మారుతుంది, ఐసీ కూడా ఊరుకోదు. మధ్యాహ్నం గ్రాఫులో గీత కిందికి జారితే అది సూర్యుడి తుఫానో, సూర్యుడి వేడిమో చెప్పలేం. అందుకని సెన్సర్‌ను పీవీసీ గొట్టంలో బిగించి, ఉత్తర దక్షిణాలుగా మీటరు లోతున పాతిపెట్టడం మేలు. అంత లోతులో పగలూ రాత్రీ తేడా పెద్దగా ఉండదు. ఇనుప మేకులు, జీఐ పైపులు దగ్గరికి రానివ్వొద్దు. ఫ్యాన్లు, రైలు లైన్ల 50 హెర్ట్జ్ గోల మాత్రం సులువుగానే పోతుంది: సరిగ్గా సెకను పాటు లెక్కిస్తే హెచ్చుతగ్గులు చాలావరకు రద్దయిపోతాయి.

ఇక మిగిలేవి బండ్లు. దూరం రెట్టింపైతే వాటి ఇనుము ప్రభావం ఎనిమిదో వంతుకు పడిపోతుంది గనక పెరటి మూల మంచిది. అయినా అనుమానం వస్తే హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వారి చౌటుప్పల్ అబ్జర్వేటరీ గ్రాఫు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రెండు గీతలూ ఒకే వేళకు దిగితే తుఫానే. మనదొక్కటే దిగితే ఎదురింటాయన బండి బయటికి తీశాడన్నమాట.