కార్డ్ మార్చడం వేళ్ల బలంతో రాదు

గిటార్ కొత్తగా పట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకచోటే ఆగిపోతారు. కార్డ్ అంటే వేళ్లతో కొన్ని తీగల్ని నొక్కి, ఒకేసారి మోగించే స్వరాల కలయిక. సి కార్డ్ వస్తుంది, జి కూడా వస్తుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లేసరికి పాట తెగిపోతుంది. వేళ్లలో బలం చాలట్లేదని తీగల్ని ఇంకా గట్టిగా నొక్కుతారు. దాంతో వేళ్లు లేవడం మరింత ఆలస్యమవుతుంది. ఫ్రెట్‌ను, అంటే గిటార్ మెడ మీది అడ్డ లోహపు కడ్డీని, ఆనుకుని నొక్కితే తక్కువ ఒత్తిడితోనే తీగ శుభ్రంగా మోగుతుంది.

అసలు వేళ్లను వంచే ప్రధాన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. వాటి స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి, మణికట్టు గుండా వచ్చి వేళ్లను లాగుతాయి. ఇక వేళ్లను పైకెత్తే స్నాయువుల మధ్య చేతి వెనకవైపు అడ్డ లంకెలుంటాయి. మధ్య వేలిని లోపలికి మడిచి, చేతిని బల్ల మీద ఆనించి, ఉంగరం వేలిని ఎత్తి చూడండి. దాదాపు కదలదు. కాబట్టి ఆ వేలు మొరాయిస్తే దిగులు పడకండి, అందరి చేతులూ అంతే.

మెదడుది ఇంకా ఆసక్తికరమైన కథ. పలక మీద గీత గీతగా దిద్దిన అక్షరాన్ని తర్వాత ఒకే ఊపున రాసేసినట్టు, విడివిడి కదలికల్ని అది క్రమంగా ఒకే కదలికగా కూర్చుకుంటుంది. ఎప్పుడు? 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు కొందరిచేత ఎడమచేత్తో ఒక అంకెల వరుసను 10 సెకన్లు టైప్ చేయించి, 10 సెకన్లు ఆపించారు. తొలిదశలో వేగం పెరిగింది ఆ విరామాల్లోనే. విరామంలో మెదడు అదే వరుసను దాదాపు 20 రెట్లు వేగంగా మళ్లీ మళ్లీ నడుపుకుంటోందని 2021లో తేలింది. అది గిటార్ మీద చేసిన ప్రయోగం కాదు. అయినా వేళ్ల వరుసే కదా, గంటసేపు ఏకబిగిన కష్టపడటం కన్నా కాసేపు వాయించి కాసేపు చేయి వదిలేయడమే మేలని నా నమ్మకం.

మన వైజాగ్‌లో సముద్రపు గాలి, చెమట కలిసి స్టీలు తీగల్ని తొందరగా తుప్పు పట్టిస్తాయి. గరుకు తీగ మీద వేలు జారదు. వాయించాక పొడిగుడ్డతో తుడవండి.

మొదలుపెట్టడానికి సి కార్డ్ నుంచి ‘ఎ మైనర్’ కార్డ్‌కు మారడం మంచిది. చూపుడు వేలు, మధ్య వేలు ఉన్నచోటే ఉంటాయి, ఉంగరం వేలు ఒక్కటే ఐదో తీగ నుంచి మూడో తీగకు వస్తుంది (తీగల్ని సన్నని దాని నుంచి లెక్కపెట్టాలి). అది కుదిరాక ‘ఎ మైనర్’ నుంచి ‘ఇ మేజర్’కు వెళ్లండి: మూడు వేళ్లూ అదే ఆకారంలో మందపాటి తీగల వైపు ఒక్క తీగ జరిగితే చాలు.