ఇంజనీరింగ్ నిర్ణయం ఆరో తరగతిలోకి ఎలా దిగింది

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే రాజోలు, రావులపాలెం, పాలకొల్లు లాంటి ఊళ్లలో నెట్ సెంటర్లకు తీరిక ఉండదు. మార్కుల మెమో, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తండ్రులు వరుస కడతారు. ఫోనుకు వచ్చిన ఓటీపీ చదివి చెప్పేది మాత్రం పిల్లలే. ఒకే పిల్ల పేరు మీద, పదో తరగతి తర్వాతే చేరే ట్రిపుల్ ఐటీకి ఒక దరఖాస్తు, పాలిటెక్నిక్ కౌన్సెలింగ్‌కు ఇంకొకటి పడతాయి. ఆ రెండూ రాకపోతే ఎక్కడ చేర్చాలన్నది చాలా ఇళ్లలో ముందే తేలిపోయి ఉంటుంది: కాలేజీ తరఫున అడ్మిషన్ల కోసం పరీక్షలకు ముందే ఇంటికి వచ్చిన పీఆర్వో చేతిలో రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీకి అడ్వాన్సు పెట్టేసి ఉంటారు. నోటిఫికేషన్ ఇవ్వకముందే అడ్మిషన్లు చేయరాదని ఇంటర్ బోర్డు చెబుతూనే ఉంటుంది. పీఆర్వోలు వస్తూనే ఉంటారు.

గోదావరి డెల్టాకు ఇంజనీరింగ్ కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని వెనుకే కాలువలు, లాకులు, పి.గన్నవరం దగ్గర కాలువ నీటిని వైనతేయ పాయ మీదుగా దాటించే అక్విడక్టు వచ్చాయి. ఇంత నిర్మాణం జరిగిన నేలకు ఇంజనీరింగ్ కాలేజీ రావడానికి మాత్రం దాదాపు వందేళ్లు పట్టింది. 1946లో విశాఖపట్నంలో తాత్కాలికంగా మొదలైన కాలేజీ తర్వాత కాకినాడకు మారింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్‌టీయూ)లో భాగమై, 2008లో విడి విశ్వవిద్యాలయమైంది. కాకినాడలో ఆంధ్రా పాలిటెక్నిక్ కూడా 1946 నాటిదే.

1960ల్లో హైస్కూలు ముగించినవారు పీయూసీ అనే ఏడాది కోర్సు చదివి, ఆ మార్కులతో ఇంజనీరింగ్‌కు వెళ్లేవారు. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది, 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. పదో తరగతి అయ్యాక ఎంపీసీయా బైపీసీయా అని తేల్చుకోవడం అప్పటి నుంచి మొదలైన అలవాటు. అయినా ఎంపీసీ అంటే ఇంజనీరింగ్ ఒక్కటే అనుకున్నవారు తక్కువ. బీఎస్సీ, బ్యాంకు ఉద్యోగం, టీచరు ఉద్యోగం కూడా గౌరవమైన గమ్యాలే.

లెక్క మారింది 1980ల్లో. 1980లో భీమవరంలో ఎస్‌ఆర్‌కేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. సీటు కోసం కాలేజీలు అదనంగా వసూలు చేసే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం 1983లో చట్టం చేసింది. సీట్ల పంపకం రాష్ట్ర ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఎంసెట్ ర్యాంకు చేతికి వెళ్లింది. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో సగం లెక్కలు. ఇంటర్ మార్కుల కంటే వేగానికి విలువ పెరిగింది. వేగం నేర్పే చోటు ఊళ్లో లేదు, విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఉంది. వరి మీద, ఆ తర్వాత రొయ్యల చెరువుల మీద వచ్చిన డబ్బులో కొంత ఏటా ఆ హాస్టళ్లకే చేరింది. ఆ హాస్టళ్లు నడిపే జూనియర్ కాలేజీల పరిస్థితులను పరిశీలించడానికి 2001లో ప్రభుత్వం ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీని వేయాల్సి వచ్చిందంటే, సంగతి ఎంత దూరం వెళ్లిందో ఊహించుకోవచ్చు.

ఐఐటీల మోజు పెరిగేకొద్దీ రెండేళ్ల ఇంటర్ చాలదన్న మాట పుట్టింది. దాని సంతానమే ఫౌండేషన్. ఆరో తరగతి నుంచే ప్రత్యేక సెక్షను, వారానికో పరీక్ష, ఓఎంఆర్ షీటు, గోడ మీద ర్యాంకుల జాబితా. ఎనిమిదో తరగతి పిల్లవాడి సంచిలో త్రికోణమితి పుస్తకం ఉంటుంది. వాడు రోజూ దాటే లాకులో పడవను పై నీటి నుంచి కింది నీటికి ఎలా దించేవారో చెప్పినవారు ఉండరు. దీన్ని ఇంజనీరింగ్‌కు పునాది అనడం నాకు మింగుడుపడదు. ఇది ప్రవేశ పరీక్షకు పునాది, అంతే.

ఈ పందెం బయట నిలబడ్డవారి కోసం 2008లో ఒక ప్రయత్నం జరిగింది. ప్రత్యేక చట్టంతో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడి, నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు తెరుచుకున్నాయి. మొదట్లో క్యాంపస్‌కు రెండు వేల సీట్లు. పదో తరగతి తర్వాత ఆరేళ్ల కోర్సు: ఇంటర్‌కు బదులు రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. తొలి చాన్సలర్, చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్లి కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి. ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతి ఫలితమే కొలబద్ద. ప్రభుత్వ బడి పిల్లలకు పది పాయింట్ల గ్రేడుపై 0.4 కలిపేవారు. చూడటానికి చిన్న అంకె. పంచాయతీ రోడ్డు చివరి జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి వచ్చిన అమ్మాయిని జాబితాలోకి ఎక్కించింది మాత్రం అదే. అలా సీటు వచ్చిన కోనసీమ పిల్లలు పెట్టె పట్టుకుని హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడు చేరేవారు. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు కాబట్టి, ఆ ప్రయాణంలో మొదటి మజిలీ ఎప్పుడూ బస్సే.

కోవిడ్ వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు ట్రిపుల్ ఐటీ కూడా ప్రవేశ పరీక్ష పెట్టక తప్పలేదు. తర్వాత మళ్లీ మార్కులకే వచ్చారు. ఒకే మార్కు దగ్గర వందల మంది నిలిచే చోట లెక్కల మార్కులు, ఆ తర్వాత సైన్సు మార్కులు చూసి పక్కకు తప్పించే పద్ధతి తల్లిదండ్రులకు కంఠతా వచ్చు. 2015లో తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ మొదలైంది. సగం సీట్లు రాష్ట్రం వారికే అయినా దాని దారి జాతీయ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్, కాబట్టి ఫౌండేషన్ సెక్షన్లకు గిరాకీ తగ్గలేదు.

పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లలు మొదటి ఏడాదే వర్క్‌షాపులో ఇనుప ముక్కను బిగించి, ఆకురాయితో చదును చేసి, మూలమట్టంతో సరిచూసుకుంటారు. డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదికి వెళ్లవచ్చు కూడా. ఇంజనీరింగ్‌కు ముందు చదువంటే నా లెక్కలో ఇదే, అయినా పెళ్లిళ్లలో దీని గురించి కాస్త గొంతు తగ్గించి చెబుతారు.

పదహారేళ్లు నిండనివారిని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోరాదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మన దగ్గర ఫౌండేషన్ కోచింగ్ సెంటరు బోర్డు కింద నడవదు, బడి టైంటేబుల్లో ఒక పీరియడ్‌గా నడుస్తుంది. ఆరో తరగతి అడ్మిషన్ల కరపత్రాలు ఈ ఏడాదీ ఇంటింటికీ పంచారు.