‘మేమే తిరిగి కొంటాం’ అంటే నమ్మి సరుకు ఎంచుకోకండి: ఇంటి వ్యాపారంపై అపోహలు – వాస్తవాలు

హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల ఇంటి నుంచే వ్యాపారం మొదలుపెట్టాలనుకునే మహిళలకు శిక్షణ ఇవ్వడం నా పని. ఏ సరుకు ఎంచుకోవాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు తప్పక అనే మాట ఒకటుంది: “అమ్మకం గురించి రంది లేదు మేడం, మెషిన్ ఇచ్చినోళ్లే సరుకంతా తిరిగి కొంటరట.” మిగిలిన అపోహల వల్ల కొన్ని వేలు, కొంత శ్రమ పోతాయి. దీనివల్ల మాత్రం సంఘంలో తీసుకున్న అప్పు, బంగారం కుదువపెట్టి తెచ్చిన సొమ్ము మొత్తంగా పోతున్నాయి కనుక దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: తిరిగి కొంటామని ఒప్పందం ఉంటే ఏ వస్తువు తయారుచేసినా నష్టం రాదు.

వాస్తవం: దీపం వత్తులు, అగరుబత్తీలు, కర్పూరం బిళ్లలు, పేపరు ప్లేట్లు... వస్తువు ఏదైనా ఇలాంటి మోసాలు నడిచే తీరు ఒకటే. బయట తక్కువకు దొరికే యంత్రాన్ని కొన్ని రెట్ల ధరకు అంటగడతారు, ముడిసరుకు కూడా తమ దగ్గరే కొనాలంటారు, మొదటి రెండు మూడు విడతల సరుకును మాత్రం చెప్పిన ధరకే తీసుకొని డబ్బు చేతిలో పెడతారు. ఆ డబ్బు చూసి చుట్టాలు, వాడకట్టువాళ్లు కూడా చేరతారు. ముందు చేరినవారికి అందేది వెనుక చేరినవారు యంత్రానికి కట్టిన సొమ్మే. కొత్తవారు తగ్గగానే వత్తి లావుగా ఉందని, తేమ పట్టిందని సరుకు తిప్పి పంపడం మొదలవుతుంది. ‘నాణ్యత మాకు సంతృప్తికరంగా ఉంటేనే’ అన్న వాక్యం ఒప్పంద పత్రం చివర ఉందని అప్పుడు గాని కనిపించదు. ఆ తర్వాత ఫోను ఎత్తరు.

దీన్ని పసిగట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఉదాహరణకు దూది కిలో 300 రూపాయలకు ఇచ్చి, వత్తులు కిలో 600కు కొంటామన్నారనుకుందాం. అవే వత్తులను పూజా సామగ్రి అమ్మే హోల్‌సేల్ దుకాణానికి తీసుకెళ్లి ఎంతకు కొంటారో అడగండి. వాళ్లు 400కే కొనేటట్టయితే, అదే 400కు బజారులో కావలసినంత సరుకు కొనుక్కోగల కంపెనీ మీకు 600 ఎందుకు ఇస్తుందో ఆలోచించండి.

పరకాల వైపు నుంచి వచ్చిన దంపతులకు ఇదే చెప్పి, అడ్వాన్సు కట్టకముందే నమూనాతో బజారుకు పంపాను. మొదట వారికి నా మీదే కోపం వచ్చింది. దుకాణదారు చెప్పిన ధర కంపెనీ చెప్పినదాంట్లో సగం కూడా లేదు, అదీ అరువుకే. “మరి ఏం చేయమంటరు మేడం?” అని ఆమె అడిగితే, “ఇప్పటిదాకా మీ చేతి వస్తువు ఎవరైనా డబ్బిచ్చి కొన్నారా?” అని అడిగాను. సంక్రాంతికి సకినాలు చుట్టించుకోవడానికి నాలుగిళ్లవాళ్లు వస్తారట. సరుకు ఎంపిక అక్కడి నుంచి మొదలవ్వాలని నేనంటాను.

ఇప్పటికే డబ్బు కట్టినవారు సిగ్గుపడి దాచుకోవద్దు. రసీదులు, ఒప్పందం, ఫోన్‌పే వివరాలు పట్టుకొని ఆలస్యం చేయకుండా పోలీసులకు ఫిర్యాదు చేయండి. పోయినది రాబట్టుకోవడానికి మరో ఇద్దరిని మాత్రం చేర్పించకండి.

అపోహ: ఊళ్లో అమ్ముడైన వస్తువు ఆన్‌లైన్‌లో దేశమంతా అమ్ముడవుతుంది.

వాస్తవం: ఆ సకినాలనే తీసుకోండి. అవి విరగకుండా పెద్ద పెట్టెలో సర్దాలి, కొరియర్ సంస్థలేమో అసలు బరువు, పెట్టె పరిమాణాన్ని బట్టి లెక్కగట్టే బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. చాలా సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. ఆ లెక్కన 30, 30, 25 సెంటీమీటర్ల పెట్టెలో రెండు కిలోల సకినాలు పెట్టినా 4.5 కిలోల ఛార్జీ కట్టాలి. అందుకే ఆమెను ముందుగా ఊళ్లో, హనుమకొండ హాస్టళ్లలో అమ్మమన్నాను. బియ్యం, నువ్వులు, నూనె, గ్యాసుతో పాటు తన కూలి కూడా ధరలో కలపాలని చెప్పడానికి మాత్రం చాలాసేపు వాదించవలసి వచ్చింది.

అపోహ: జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని తెలిపే భౌగోళిక గుర్తింపు) ఉన్న పేరు పెడితే ఏదైనా అమ్ముడవుతుంది.

వాస్తవం: వరంగల్ డర్రీలకు (జంపఖానాలకు) 2018లో, చపాటా మిర్చికి 2025లో ఆ గుర్తింపు వచ్చింది. దాన్ని వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. పైగా చపాటా రంగుకు పేరున్న మిర్చి, ఘాటు తక్కువ. మంట కోరి కొన్నవారు రెండోసారి రారు.

అపోహ: ఇంట్లో చేసేదానికి అనుమతులెందుకు?

వాస్తవం: తినే వస్తువైతే, 2006 నాటి ఆహార భద్రతా చట్టం ప్రకారం ఎంత చిన్న తయారీదారైనా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ప్యాకెట్ మీద పేరు, చిరునామా, నికర బరువు, తయారైన తేదీ, ధర వంటి వివరాలు ఉండాలి. జీఎస్టీ సంగతి వేరు: తెలంగాణలో సరుకుల అమ్మకం ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు, సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్న వ్యాపారికి సాధారణంగా ఆ నమోదు అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి అలాంటివారు జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకొని, రాష్ట్రం లోపల ఆన్‌లైన్ వేదికల ద్వారా కూడా అమ్ముకోవచ్చు. కాబట్టి మొదటి రోజే జీఎస్టీ నంబరు తప్పనిసరి అని భయపెట్టి వేలకు వేలు అడిగే మధ్యవర్తులకు ఏమీ ఇవ్వకండి.