గుంటగలగరనూ బోడతరాన్నీ పోల్చుకునే తీరు

నెల్లూరు జిల్లాకు ఏటి వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈశాన్య రుతుపవనాలే తెచ్చిపెడతాయి. ఆ తరువాత చెరువుల్లో నీరు తగ్గుతూ ఒండ్రునేల బయటపడినప్పుడు, ఆ తడి అంచుల్లోనూ, పెన్నా కాలువల కింద కోత ముగిసిన మాగాణుల్లోనూ చామంతి కుటుంబానికి చెందిన చిన్న చిన్న మొక్కలు పూతకు వస్తాయి. వాటిని మనం పూల రంగుతో పోల్చుకోవడానికి అలవాటు పడ్డాం. తెలుపు, పసుపు, ఊదా అనే ఈ మూడు రంగుల్లోనూ ఒకదానిని మరొకటిగా పొరబడగల జంటలు ఉన్నందువల్ల, రంగు మనల్ని సగం దూరమే తీసుకువెళుతుంది.

ఈ కుటుంబంలో మనం పువ్వు అనుకునేది నిజానికి అనేక పుష్పకాల, అంటే చిట్టి పూల, సముదాయం; దానినే తల అంటారు. అంచున రేకుల్లా కనిపించేవి కిరణ పుష్పకాలు, నడుమ గుత్తిగా ఉండేవి బింబ పుష్పకాలు. చిన్న భూతద్దంతో వీటిని చూడగలిగితే సందేహాలు చాలావరకు తీరిపోతాయి.

తెల్లపూల జంటలో గుంటగలగర ఒకటి, గడ్డిచామంతి రెండవది. గడ్డిచామంతి అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చిన మొక్క. పొడినేలను ఇష్టపడుతుంది కానీ గట్ల మీద గుంటగలగర పక్కనే కనిపిస్తుంది. దాని పూలు పొడవాటి కాడ మీద ఒంటరిగా నిలుస్తాయి, కిరణ పుష్పకాలు కొద్దిగానే ఉండి కొసన మూడు పళ్లుగా చీలి ఉంటాయి, గింజకు ఈకల వంటి కేశగుచ్ఛం ఉండడం వల్ల గాలికి ఎగిరిపోతుంది. గుంటగలగరలో కిరణ పుష్పకాలు సన్నగా, పొట్టిగా, ఎన్నో ఉంటాయి. గింజకు ఎగిరే కుచ్చు ఉండదు.

అసలు చిక్కు పసుపుపూలతో వస్తుంది. పచ్చపూల గుంటగలగర అని పిలిచే మొక్క, శాస్త్రనామం స్ఫాగ్నెటికోలా కేలెండులేసియా, గుంటగలగర వలెనే తడినేలలో పాకుతూ, కణుపుల దగ్గర వేళ్లు దింపుతూ, ఎదురెదురు ఆకులతో పెరుగుతుంది. రసాయనం కూడా వీటిని విడదీయదు: గుంటగలగరలో పేరుపొందిన వెడెలోలాక్టోన్ అనే పదార్థాన్ని 1956లో మొదట వేరుచేసింది ఈ పచ్చపూల మొక్క నుంచే. పూత ఉన్నప్పుడు రంగే చెబుతుంది. పూత ముగిసి తలలు ఎండిపోయినప్పుడు లోపలి నిర్మాణాన్ని చూడక తప్పదు. గుంటగలగర బింబ పుష్పకానికి నాలుగు తమ్మెలు, అంటే అంచున చీలిన భాగాలు, పచ్చపూల మొక్కలో అయిదు. పుష్పకాల మధ్యనుండే పొలుసులు గుంటగలగరలో వెంట్రుకలంత సన్నగా ఉంటే, రెండవదానిలో గింజను కప్పే పడవ ఆకారంలో ఉంటాయి. నా దృష్టిలో ఈ పొలుసులే అన్నిటికంటే నమ్మదగిన గుర్తు, ఎందుకంటే ఎండిన నమూనాలోనూ అవి చెడిపోవు.

ఇళ్ల ముందు, రోడ్డు విభాజకాల్లో నేలను కప్పడానికి పెంచే ట్రైలోబాటా అనే మొక్క కూడా స్ఫాగ్నెటికోలా ప్రజాతికే చెందినది, అమెరికా ఖండాల నుంచి వచ్చినది. నిగనిగలాడే ఆకు సాధారణంగా మూడు తమ్మెలుగా ఉంటుంది, పువ్వు పెద్దది. ప్రపంచంలోని అతి హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో దీని పేరు ఉన్నందున, కాలువ గట్ల దగ్గర దీనిని నాటకపోవడమే మంచిది. తెగిన ప్రతి కొమ్మా తడి తగిలితే వేళ్లు వేస్తుంది. ఆకు తమ్మెలు లేకుండా సన్నగా, బల్లెపు మొన వలె ఉంటే అది మన పచ్చపూల గుంటగలగర.

ఊదాపూల బోడతరంలో కిరణ పుష్పకాలు అసలే ఉండవు. గుండ్రని బంతి ఒక్క తల కూడా కాదు, ఎన్నో చిన్న తలలు కలిసి ఒక్కటైనది. ఆకు అడుగుభాగం కాండం వెంట కిందికి దిగి రెక్కలుగా సాగుతుంది. అసలైన బోడతరంలో, అంటే స్ఫీరాంథస్ ఇండికస్‌లో, పూకాడ మీది రెక్కల అంచు రంపపు పళ్లతో ఉంటుంది; దాని దగ్గరి బంధువు ఆఫ్రికానస్‌లో ఆ అంచు నునుపుగా, పళ్లు లేకుండా సాగుతుంది. బంతుల పరిమాణమూ రంగూ నేలను బట్టి మారవచ్చు కాబట్టి వాటిని నమ్మి జాతిని తేల్చకూడదు. అందుకే ఈ జంటలో ఫొటో తీసేవారు బంతిని మాత్రమే తీయక, దాని కింది కాడను కూడా దగ్గరగా తీయాలి. ఆ రెక్క అంచు కనిపించని ఫొటోతో జాతిని నిర్ధారించడం కష్టం.