నిమ్మళంగా కనిపించే నీరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఈత వచ్చినవాళ్లలో చాలామందికి గురువు వ్యవసాయ బావే. నడుముకు బెండు కట్టుకొని దూకి, కొన్నాళ్లకు ఆ బెండు విప్పేసి, ఈ దరి నుంచి ఆ దరికి ఈదినవారికి నీటి భయం పోతుంది. ఆ ధైర్యంతోనే మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా రాత్రంతా ప్రయాణించి, తెల్లవారేసరికి బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో దిగుతారు. అయితే అలసట రాగానే ఎదురుగా ఉన్న దరిని అందుకోవాలని బావి నేర్పిన అలవాటు సముద్రంలో ప్రాణం మీదికి తెస్తుంది.

అలలు ఒకదాని వెంట ఒకటి విరుగుతూ నీటిని ఒడ్డు వైపు తోస్తూనే ఉంటాయి. అలా పోగైన నీరు వెనక్కి మళ్లాలి. ఒడ్డుకు కాస్త లోపల నీటి అడుగున ఉండే ఇసుక మేటల మధ్య ఎక్కడైనా గండి ఉంటే, ఇరువైపుల నుంచీ నీరు అక్కడికి చేరి, సన్నని పాయగా సముద్రంలోకి పరుగెడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. దీని వేగం ఒక్కోసారి సెకనుకు 2.5 మీటర్లకు చేరుతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతను 46.40 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఈతగాడి సగటు వేగమే సెకనుకు సుమారు 2.15 మీటర్లు. అలాంటి ప్రవాహానికి ఎదురీది గెలవడం మన వల్ల అయ్యే పని కాదు.

అసలు ప్రమాదం దాని రూపంలో ఉంది. నీటి లోతు అల ఎత్తుకు ఇంచుమించు ఒకటింబావు రెట్లకు తగ్గినప్పుడే అల విరుగుతుంది. గండిలో లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అలలు అంతగా విరగవు, నురగా తక్కువే. పిల్లలను ఆడించడానికి పెద్దలు ఎంచుకునేది సరిగ్గా ఆ నిమ్మళమైన చోటునే. ఒకసారి ఎవరో సముద్రుడికి వేసిన రెండు బంతిపూల దండలను నేను చూస్తూ నిలబడ్డాను. నురగలో పడినది మూడు అలల్లోనే ఒడ్డుకు తిరిగి వచ్చింది; పక్కనే నిలకడగా ఉన్న నీటిలో పడినది చూస్తుండగానే లోపలికి సాగిపోయి, కాసేపటికి పసుపు చుక్కయింది.

ఈ ప్రవాహం మనిషిని కిందికి లాగదు, లోపలికి మోసుకుపోతుందంతే. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీరు బావి నీటికంటే బాగా తేలుస్తుంది కనుక, ముందు వెల్లకిలా తేలి ఊపిరి నిలుపుకోవాలి. తరువాత ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి చేరితే అవే ఒడ్డు వైపు నెడతాయి. ఈదలేకపోతే తేలుతూనే చెయ్యెత్తి కేకలు వేయాలి.

బయలుదేరే ముందు, హైదరాబాదులోనే ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూసుకోవడం మంచిది. తీరంలో ఎరుపు, పసుపు రెండు రంగులూ ఉన్న జెండాల మధ్యనే దిగాలి. ఒంటి ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. జెట్‌స్కీ ఎక్కినా, బనానా బోటు ఎక్కినా, ఒంటికి సరిపోయే లైఫ్‌జాకెట్ పట్టీలన్నీ బిగించుకోవాలి. గాలి నింపిన ట్యూబులను మాత్రం నమ్మకండి, ఒడ్డు నుంచి వీచే గాలికి అవి ఇట్టే లోపలికి కొట్టుకుపోతాయి.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకూడదు. అలా దూకినవారే మునిగిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. లైఫ్‌గార్డును పిలిచి, 112కు ఫోన్ చేయించి, మూత గట్టిగా బిగించిన ఖాళీ నీళ్ల క్యానునైనా సరే వారికి అందేలా విసరండి.