చలికాలంలో కొమ్మలు కత్తిరిస్తున్నారా? ముందు ఇది చదవండి

డిసెంబరు వచ్చిందంటే విజయవాడ చుట్టుపక్కల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మామిడి బాగా గుబురైపోయింది, ఇప్పుడు కత్తిరిస్తే ఈసారి విరగకాస్తుందంట కదా?" అని. ఎవరు చెప్పారంటే హిమాచల్ పియర్ (బేరిపండు) తోటల వీడియో చూశామంటారు.

అపోహ: ఏ పండ్ల చెట్టుకైనా చలికాలమే కత్తిరింపుల కాలం.

పియర్ సంగతి వేరండీ. అది చలికి ఆకంతా రాల్చేస్తుంది, పూమొగ్గలేమో రెండేళ్లు దాటిన కొమ్మల మీద ముడతలు పడ్డ పొట్టి పుల్లల చివర ఉంటాయి, కాబట్టి అక్కడి రైతు వాటిని కళ్లారా చూసి వదిలేసి, అడ్డొచ్చే కొమ్మలే తీస్తాడు. మన మామిడి ఆకు రాల్చదు, పూత రెమ్మ కొసనే వస్తుంది. నూజివీడు వైపు ఏ తోటలోనైనా డిసెంబరులో ఒక రెమ్మని కిందికి వంచి చూడండి, సన్నగా ఉండే కొసమొగ్గ లావెక్కి ఉబ్బి కనిపిస్తుంది. అదే పూత. దాన్ని కోసేసి, పక్కల నుంచి మళ్లీ పూస్తుందిలే అనుకుంటే నష్టపోయేది మీరే. మామిడికి కాయ కోత అయిపోగానే, జూన్ జూలైలలో కత్తిరించండి, వానలకి వచ్చిన చిగురు చలికాలానికి ముదిరి పూతకి వస్తుంది.

అపోహ: ఎంత గట్టిగా కొడితే అంత కాపు.

ఇది నాకు బాగా బాధ కలిగించే విషయం. పైన సగం చెట్టు తీసేసినా కింద వేర్లు అలాగే ఉంటాయిగా, ఆ బలమంతా నిటారు కొమ్మలకీ ఆకుకీ పోతుంది, పియర్‌లోనూ అంతే. ముసలి మామిడిని మోడు చేస్తే రెండు మూడేళ్లు కాపు మీద ఆశ వదులుకోవాలి. మామూలు తోటకి అంత అవసరం లేదు, నడిమధ్యకి ఎండ దిగేలా ఒకటి రెండు కొమ్మలు తీస్తే చాలు.

ఎండుపుల్ల మాత్రం ఎప్పుడైనా తీయొచ్చు.

అపోహ: అయితే చలికాలంలో అసలు కత్తెరే పట్టకూడదు.

అదీ తప్పే. మల్లె కొత్త చిగురు మీద పూస్తుంది, అందుకే మైలవరం వైపు వేసవి పూల కోసం చలికాలంలోనే కత్తిరిస్తారు. జామ కూడా కొత్త చిగురు మీదే పూస్తుంది, కాకపోతే మే నెలలో కొసలు కత్తిరిస్తే వానల్లో పూసి చలికాలంలో కాయ వస్తుంది, అప్పుడు పండు ఈగ బెడద తక్కువ, రుచీ ఎక్కువ.

ఇక కోసిన ప్రతి చోటా పేస్ట్ పూయాలా అంటే, సన్నరెమ్మలకి అక్కర్లేదు. లావు కొమ్మ కోసినప్పుడు మాత్రం మొండి ముక్క వదలకుండా, మానులోకి చెక్కకుండా, కొమ్మ మానుకి అతుక్కునే చోట ఉబ్బుగా ఉండే భాగాన్ని ఉంచి కోసి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయండి.